చరవాణి స్వయంవరం



నలదమయంతుల కథలో స్వయంవర ఘట్టం తెలుగువారికి చిరపరిచితమే. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపు దాల్చి నలుని సరసనే కూర్చున్నారు. ఒకే మోముతో అయిదుగురు! పూలదండ చేతబట్టిన దమయంతి ఎవరిని వరించాలి? తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా పిల్లలు ఊపిరి బిగబట్టి వినేవారు. మన జేబులోని చరవాణి కూడా అనుదినం ఇటువంటి సభలోనే నిలుచుంటుందని ఉద్యోగ విరమణ తరువాత గాని నాకు తెలిసిరాలేదు. దాని చుట్టూ పలు సంస్థల తరంగాలు ఏకకాలంలో ప్రసరిస్తుంటాయి. వాటిలో ఒకదానిని అది ఎట్లా ఎన్నుకొంటుంది, ఆ ఎన్నిక పద్ధతి ఎట్లా రూపొందింది అన్నది ఈ వ్యాస విషయం. దీనిపై నాకు ఆసక్తి కలగడానికి ఒక స్వంత కారణం ఉంది. దానిని తరువాత విన్నవిస్తాను.

తొలినాళ్ళలో ఎన్నిక భారం యంత్రానిది కాదు, మనిషిదే. 1946 జూన్ 17న అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో బెల్ వ్యవస్థ కార్లలో అమర్చే టెలిఫోను సేవను ఆరంభించింది. ఆ పరికరం బరువు సుమారు 36 కిలోలు. నగరమంతటికీ ఉన్న రేడియో మార్గాలు బహు కొద్ది. మాట్లాడదలచినవారు ఖాళీ మార్గం దొరికేదాకా మీట మార్చుతూ, చెవి యొగ్గి వెదకి, పిదప ఆపరేటరును పిలవాలి. 1964లో వచ్చిన మెరుగైన పద్ధతిలో ఖాళీగా ఉన్న మార్గంపై కేంద్రమే ఒక గుర్తు ధ్వనిని పంపేది. ఫోను దానిని తనంతట తానే వెదకి పట్టుకొనేది. వెదకే పని మనిషి చేతినుండి యంత్రానికి దక్కిన తొలి మెట్లలో ఇది ఒకటి.

ఈ లోగా 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో డి.హెచ్. రింగ్ ఒక పత్రం వ్రాశారు. నగరమంతటికీ ఒకే పెద్ద స్తంభం నిలపడానికి బదులు, ప్రాంతాన్ని తేనెపట్టు గదులవలె చిన్న చిన్న భాగాలుగా విభజించి, ఒకదానికొకటి దూరంగా ఉన్న గదులలో అవే తరంగాలను మరల మరల వాడుకోవచ్చునన్నది అందులోని ఊహ. ఆ గదికే 'సెల్' అని పేరు. మనం సెల్ ఫోను అంటున్నది అందువల్లనే. ఈ ఊహ అమలులోకి రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1979లో టోక్యోలోను, 1981లో స్కాండినేవియాలోను, 1983 అక్టోబరు 13న షికాగోలోను ఇటువంటి సేవలు మొదలయ్యాయి.

అమెరికాలో ప్రతి ప్రాంతానికీ రెండు అనుమతులు ఇచ్చారు. ఒకటి 'ఏ', రెండవది 'బి'. ప్రతి వ్యవస్థా తన గుర్తింపు సంఖ్యను నిరంతరం ప్రసారం చేస్తుంది. సరిసంఖ్య అయితే బి, బేసిసంఖ్య అయితే ఏ. ఫోను ఆ సంఖ్యను విని, తనలో వ్రాసి ఉన్న ఇంటి సంఖ్యతో పోల్చుకొంటుంది. సరిపోతే ఇల్లు, లేకుంటే పరాయి ఊరు. స్వపర భేదం ఫోనుకు ఈ విధంగా అబ్బింది.

రెండు సంస్థలున్నచోట ఇది చాలింది. ఐరోపాలో దేశాలే అనేకం. అందుచేత 1982లో అక్కడి తపాలా టెలిఫోను శాఖలు కలిసి ఒక ఉమ్మడి పద్ధతికి పూనుకొన్నాయి. జీఎస్ఎం అని మనం పిలుచుకొన్నది అదే. 1991 జూలై 1న ఫిన్లండులో మాజీ ప్రధాని హారి హోల్కెరి తొలి పిలుపు చేశారు. మరుసటి ఏడు ఫిన్లండు, బ్రిటన్ సంస్థల మధ్య తొలి అంతర్జాతీయ రోమింగు ఒప్పందం కుదిరింది. ఈ పద్ధతిలోని గొప్ప ఊహ సిమ్ కార్డు. చందాదారుని గుర్తింపు ఫోనులో కాక ఒక చిన్న బిళ్ళలో ఉంటుంది. ఎవరిని వరించాలో, ఎవరిని వరించరాదో ఆ బిళ్ళలోనే వ్రాసి ఉంటుంది.

ఎన్నిక క్రమం ఇది. ఫోను ఆన్ చేయగానే మొదట తాను చివరిసారి ఏ నెట్‌వర్కులో ఉన్నదో దానిని వెదకుతుంది. దొరకకుంటే సొంత నెట్‌వర్కును. అదీ లేకుంటే చందాదారుడు ఇష్టపడి వ్రాసుకొన్న జాబితా, దాని తరువాత సంస్థ వ్రాసిన జాబితా. అవేవీ వినబడనప్పుడు బలమైన సంకేతం గల తక్కిన నెట్‌వర్కులను యాదృచ్ఛికంగా ఒక్కొక్కటే ప్రయత్నిస్తుంది. చివరకు బలహీనమైనవాటిని బలాన్ని బట్టి వరుసగా. బలవంతులు పలువురున్నచోట అందరికంటె బలవంతునికే పట్టం కట్టకుండా చీటీలు వేసినట్లు ఎంచుకోవడంలో ఒక న్యాయదృష్టి నాకు కనబడుతుంది. ఏదైనా నెట్‌వర్కు 'నీకు ఇక్కడ ప్రవేశం లేదు' అంటే దాని పేరు నిషేధ జాబితాకు ఎక్కుతుంది. తొలినాటి సిమ్‌లో ఆ జాబితాకు నాలుగే గదులు. అయిదవ పేరు వస్తే అన్నిటికంటె పాతది చెరిగిపోతుంది.

స్వదేశంలోనే పరాయి నెట్‌వర్కులో చిక్కిన ఫోను ఇంటిని మరచిపోదు. నిర్ణీత వ్యవధికొకసారి 'మా ఇల్లు వినబడుతున్నదా' అని వెదకుతుంది. ఆ వ్యవధిని ఆరు నిమిషాల నుండి ఎనిమిది గంటల దాకా సంస్థ నిర్ణయించవచ్చు. ఏమీ నిర్ణయించకుంటే గంటకు ఒకసారి. ప్రతిక్షణం వెదకితే బ్యాటరీ నిలవదు గదా!

మన దేశంలో 1995 జూలై 31న కలకత్తా నుండి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో ఈ శకం ఆరంభమయింది. దేశాన్ని సర్కిళ్ళుగా విభజించి అనుమతులు ఇచ్చారు. సంస్థ ఒకటే అయినా సర్కిలు మారితే నెట్‌వర్కు సంఖ్య మారిపోయేది. అంటే ఫోను లెక్కలో సర్కిలు గట్టు దాటితే పరాయి ఊరే. 2003 తరువాత మన సర్కిలులో వచ్చే పిలుపులు ఉచితమయ్యాయి. గట్టు దాటితే మాత్రం వచ్చే పిలుపుకూ రుసుము ఉండేది.

నా కారణం ఇక్కడే ఉంది. 2006లో నేను చిత్తూరు జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు ఆనుకొన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. కావలిలో అన్నయ్య ఇంట నాన్నగారు మంచం పట్టి ఉన్నారు. "ఏ వేళనైనా ఫోను చేస్తానురా, దగ్గరే ఉంచుకో" అన్నాడు అన్నయ్య. తలగడ పక్కనే పెట్టుకొని పడుకొన్నాను. ఆ రాత్రి కరెంటు పోయి మా ఊరి టవరు మూగబోయింది. ఫోను నియమం తప్పలేదు. ఇల్లు వినబడక, గట్టు అవతలి సర్కిలును వరించింది. ఖాతాలో రూపాయి పైచిలుకు మాత్రమే మిగిలి ఉంది. రోమింగు రుసుముకు అది చాలక ఏ పిలుపూ నన్ను చేరలేదు. తెల్లవారి చూస్తే తెరపై గీతలు నిండుగానే ఉన్నాయి. వాటి పక్కన ఉన్న పేరు మాత్రం మాది కాదు. ప్రధానోపాధ్యాయుల ఇంటి ల్యాండ్‌లైనుకు కబురు వచ్చేసరికి ఏడు గంటలయింది. నేను కావలి చేరేసరికి సాయంత్రం. నాన్నగారు రాత్రి రెండుసార్లు నా పేరు అడిగారని వదినగారు చెప్పారు.

చాలాకాలం ఆ ఫోనును తిట్టుకొన్నాను. నియమాలు చదివిన మీదట కోపం పోయింది. అది చేయవలసిందే చేసింది. ఎన్నికకు నియమం ఉన్నది గాని, ఎన్నుకొన్న ఇంట గుమ్మం దాటడానికి సుంకం పెట్టినది మనుషులే. ఆ సుంకం తరువాత పోయింది. 2015 జూన్‌లో బీఎస్ఎన్ఎల్ రోమింగులో వచ్చే పిలుపులను ఉచితం చేసింది. 2017 నాటికి తక్కిన ప్రధాన సంస్థలూ అదే బాట పట్టాయి.

మరొక లోపమూ ఉండేది. దమయంతి దేవతలను గుర్తులతో పోల్చుకొంది. వారికి రెప్పపాటు లేదు, చెమట లేదు, పాదాలు నేల తాకవు, దండలు వాడవు. మొదటి జీఎస్ఎం ఫోనుకు అటువంటి నేర్పు లేదు. నెట్‌వర్కు ఫోనును పరీక్షించేది గాని, ఫోను నెట్‌వర్కును పరీక్షించలేకపోయేది. ప్రసారమయ్యే సంఖ్యను నమ్మడమే దాని వంతు. అందుచేత మాయనలుల వలె దొంగ టవర్లు పుట్టాయి. 3జీతో పరస్పర పరీక్ష వచ్చింది. ఇరువురూ ఒకరినొకరు నిరూపించుకోవాలి. ఇది నాకు ఎంతో నచ్చిన మార్పు.

2019 డిసెంబరు నుండి మన దేశంలో వైఫై మీదుగా కూడా పిలుపులు సాగుతున్నాయి. స్వయంవర సభలో ఇంకొక ఆసనం పడింది. 2025 జనవరి 17న కేంద్రప్రభుత్వం, ప్రభుత్వ నిధితో మారుమూలల నిలిపిన టవర్లను వేర్వేరు సంస్థల చందాదారులు వాడుకొనే ఏర్పాటును ఆరంభించింది. ఒక సంస్థ టవరు ఉన్నచోట మరొక సంస్థవారు మూగబోనక్కరలేదన్నది దాని సారం. తుఫానులు, వరదలు వచ్చినప్పుడు ఇటువంటి ఏర్పాటును తాత్కాలికంగా అనుమతించడం అంతకుముందే ఉంది.

సరిహద్దు ఊళ్ళలో ఉండే మిత్రులకు ఒక మనవి. ఇంట పెద్దలు జబ్బుపడి ఉన్నప్పుడు గీతలు ఎన్ని ఉన్నాయో చూసి ఊరుకోకండి. పక్కన ఎవరి పేరు ఉన్నదో కూడా చూడండి. ఖాతా గడువు తీరకుండా ఉంచుకోండి. వీలైతే పక్కింటివారి నంబరు ఒకటి అన్నయ్యకో అక్కయ్యకో ఇచ్చి ఉంచండి.

స్వస్తి.