లోగో తాబేలు: గణిత సమస్యా సాధనలో ఒక ప్రయోగ చరిత్ర

పిల్లలకు గణితం నేర్పడానికి కంప్యూటర్‌ను వాడటం కొత్త ఆలోచన కాదు. 1960ల దశకంలోనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ సప్పీస్ బృందం ప్రాథమిక పాఠశాల విద్యార్థుల చేత కంప్యూటర్‌పై లెక్కలు సాధన చేయించింది. యంత్రం లెక్క ఇస్తుంది, విద్యార్థి జవాబిస్తాడు, ఒప్పో తప్పో యంత్రమే చెబుతుంది.

దీనికి భిన్నమైన మార్గం 1967లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో మొదలైంది. అక్కడ సీమోర్ పాపర్ట్, వాలీ ఫ్యూర్‌జైగ్, సింథియా సాలమన్ తదితరులు 'లోగో' అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. పాపర్ట్ అంతకుముందు జెనీవాలో జీన్ పియాజే వద్ద పనిచేశారు. పిల్లలు జ్ఞానాన్ని తామే నిర్మించుకొంటారన్న పియాజే భావన ఆయనను ప్రభావితం చేసింది. అందుకే యంత్రం పిల్లలకు నేర్పడం కాదు, పిల్లలే యంత్రానికి నేర్పాలని ఆయన భావించారు.

తాబేలు గీసిన త్రిభుజం

లోగోలో పిల్లల ఆజ్ఞల ప్రకారం తెరమీద 'తాబేలు' కదులుతుంది. అది నడిచిన దారి గీతగా మిగులుతుంది. సమబాహు త్రిభుజం గీయాలనుకోండి. అందులో ప్రతి కోణం 60 డిగ్రీలని చదివిన విద్యార్థి, "100 అడుగులు ముందుకు, 60 డిగ్రీలు కుడికి" అని మూడుసార్లు ఆజ్ఞాపిస్తాడు. త్రిభుజం రాదు, సగం షడ్భుజి వస్తుంది! కారణం గమనించండి: తాబేలు తిరిగేది అంతరకోణం కాదు, బాహ్యకోణం. బయలుదేరిన దిశకే తిరిగి రావడానికి మొత్తం 360 డిగ్రీలు తిరగాలి. కాబట్టి ఒక్కొక్క మలుపు 120 డిగ్రీలు. తప్పు ఎక్కడుందో వెతికి సరిదిద్దుకోవడమే ఇక్కడ సమస్యా సాధన.

ఆశలు, ఫలితాలు

1980లో వెలువడిన పాపర్ట్ గ్రంథం 'మైండ్‌స్టార్మ్స్' లోగోపై ఆశలను పెంచింది. అయితే న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కళాశాలకు చెందిన రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ 1984లో నిరాశ కలిగించే ఫలితాన్ని ప్రకటించారు. లోగో నేర్చుకొన్న పిల్లలు ప్రణాళిక వేయవలసిన ఇతర పనులలో, నేర్చుకోని వారికంటే మెరుగుగా రాణించలేదు.

మరి లోగో విఫలమైనట్లేనా? 1988లో డేవిడ్ క్లార్, షారన్ కార్వర్ ప్రచురించిన అధ్యయనం చూడండి. తప్పులను క్రమపద్ధతిలో వెతకడం ఎలాగో ప్రత్యేకంగా బోధించినప్పుడు, పిల్లలు ఆ నైపుణ్యాన్ని కంప్యూటర్‌తో సంబంధంలేని పనులలోనూ వాడగలిగారు.

సాఫ్ట్‌వేర్ అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. దానిని ఆలోచనగా మలచేది బోధన అని ఈ చరిత్ర తెలుపుతుంది. మీ పాఠశాలకు ట్యాబ్‌లు వచ్చినప్పుడు, వాటిలో ఎన్ని లెక్కలున్నాయని కాక, తప్పు చేసిన విద్యార్థికి తర్వాత ఏమి జరుగుతుందని ముందుగా అడగండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

తాబేలుతో క్రమ పంచభుజి గీయడానికి ఒక్కొక్క మలుపు ఎన్ని డిగ్రీలు ఉండాలి? 108 అని జవాబిచ్చిన విద్యార్థికి మీరు ఏ ప్రశ్న వేస్తారు?