మెదడు కేన్సరు – ప్రింటరులో పుట్టిన కణితి

గ్లయోబ్లాస్టోమా అనే మాట మనలో చాలామంది మొదటిసారి వినేది ఫోనులోనే. ఊరి నుంచి అన్నయ్యో, బావగారో స్కాను రిపోర్టును కూడబలుక్కుంటూ చదివి వినిపిస్తారు. ఆ వెంటనే అడిగేది ఒకటే: "మీ దగ్గర దీనికి కొత్త మందేదైనా వచ్చిందా?"

నిజం చెప్పడం కష్టం. పెద్దవాళ్ళకి మెదడులోనే పుట్టే ప్రాణాంతకమైన కణితులలో ఎక్కువగా కనబడేది ఇదే. 2005లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఆపరేషను తరువాత రేడియేషను మాత్రమే ఇచ్చినవారిలో సగంమంది 12.1 నెలలకు మించి బతకలేదు. దానికి టెమొజోలొమైడ్ అనే మందు జోడిస్తే అది 14.6 నెలలయింది. లాభం రెండున్నర నెలలు! ఆ తరువాత కొన్ని చేర్పులు వచ్చినా ఈనాటికీ వైద్యానికి పునాది అదే.

మందులు వెతకడం లేదని కాదు. ప్రయోగశాలలో పనిచేసినవి రోగి దగ్గరకొచ్చేసరికి పనిచేయడం లేదు. సాఫ్టువేరు వాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. టెస్టు సర్వరు మీద చక్కగా నడిచిన ప్రోగ్రాము ప్రొడక్షన్‌లో పెట్టగానే కూలబడుతుంది. అలాంటప్పుడు ముందు అనుమానించవలసింది టెస్టు సర్వరునే.

ఇక్కడ ఆ టెస్టు సర్వరు పెట్రి డిష్. 1887 నుంచీ ఉన్న ఆ పళ్ళెంలో జీవకణాలు అడుగున ఒకే పొరగా పరుచుకుని పెరుగుతాయి. మెదడు వెన్నలా మెత్తనిది, పళ్ళెం అడుగు దానికన్నా లక్షల రెట్లు గట్టిది. పైగా చుట్టుపక్కల ఎవరూ ఉండరు. అసలు కణితిలో కేన్సరు కణాలు ఒంటరివి కావు. రక్తనాళాలు, ఆస్ట్రోసైట్లు, రోగనిరోధక వ్యవస్థకు చెందిన మాక్రోఫేజ్‌లు వాటి ఇరుగుపొరుగు. ఈ మాక్రోఫేజ్‌లది మరీ విచిత్రం. కాపలాకి వచ్చినవాళ్ళని దొంగ తనవైపు తిప్పుకున్నట్లు, కేన్సరు వాటిచేత తన పని చేయించుకుంటుంది. ఎలకల మీద చూద్దామంటే, మనిషి కణితి వాటిలో బతకాలంటే సాధారణంగా వాటి రోగనిరోధక శక్తిని తీసెయ్యాలి. అంటే చూడవలసిన నాటకంలో సగం పాత్రలు ముందే మాయం!

ఇంకో ముచ్చట. ప్రపంచమంతటా వాడుతున్న యు87 అనే కణాల వంశం 1960 దశకంలో స్వీడన్‌లోని ఉప్సలాలో ఒక రోగి కణితి నుంచి మొదలయింది. 2016లో అక్కడివాళ్ళే డీఎన్ఏ సరిపోల్చి చూస్తే, అందరూ వాడుతున్నవి ఆ రోగివి కానే కావని తేలింది. అవీ ఎవరివో గ్లయోబ్లాస్టోమా కణాలే అయివుండవచ్చు, కాని ఎవరివో తెలియదు.

బయోప్రింటింగ్ ఇక్కడ అడుగు పెడుతుంది. 2000 తొలినాళ్ళలో అమెరికాలోని క్లెమ్‌సన్ విశ్వవిద్యాలయంలో థామస్ బోలాండ్ మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్లను మార్చి, సిరా బదులు జీవకణాలను చల్లించారు. ఇప్పటి పద్ధతులు ముఖ్యంగా రెండు. జెల్లులో కలిపిన కణాలను సన్నని సూదిగుండా పిండుతూ పొర మీద పొర వేయడం ఒకటి. కేకు మీద క్రీముతో పేర్లు రాసినట్లే. కాంతి పడినచోట మాత్రమే జెల్లు గట్టిపడేలా చేయడం రెండోది. ఏ రకం కణం ఎక్కడ ఉండాలో మనమే నిర్ణయించవచ్చన్నది దీని బలం.

2019లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయంవారు ఒక బుల్లి మెదడును ప్రింటు చేశారు. (చిన్నమెదడు అందామంటే ఆ పేరు ఇప్పటికే సెరిబెల్లానికి ఉంది!) మెదడు భాగంలో మాక్రోఫేజ్‌లను, మధ్యన వదిలిన ఖాళీలో కేన్సరు కణాలను పెట్టారు. కేన్సరు నిజంగానే మాక్రోఫేజ్‌లను పిలుచుకుని తనకు అనుకూలంగా మార్చుకుంది. 2020లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు నాలుగు రకాల కణాలను కాంతి పద్ధతిలో కలిపి, క్రిస్పర్‌తో జన్యువులను ఒక్కొక్కటే ఆపి చూశారు. కేన్సరు కణం బతకడానికి మామూలు పెంపకంలో ఆధారపడే జన్యువులు వేరు, ప్రింటు చేసిన కణజాలంలో ఆధారపడేవి వేరు! మందు గురి పెట్టవలసింది జన్యువు మీదయితే, ఇన్నాళ్ళూ కొంత గురి తప్పినట్లే కదా.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది కొరియా పని. 2019లో పోస్టెక్, సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం కలిసి చేశాయి. పంది మెదడు నుంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన పదార్థంతో బయోఇంకు తయారుచేశారు. వలయాలుగా, వెలుపల రక్తనాళాల గోడల కణాలు, లోపల రోగి కణితి కణాలు ముద్రించారు. లోపలికి వెళ్ళేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. అసలు కణితిలోనూ అంతే. ఆ ఊపిరాడని నడిమధ్యనే రేడియేషనుకి లొంగని కణాలు దాక్కుంటాయి. కొద్దిమంది రోగుల కణాలతో చేసి చూస్తే, వైద్యానికి ఎవరి కణితి మొండికేసిందో చిప్పు మీదా వారి కణాలే మొండికేశాయి.

2021లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంవారు ద్రవం ప్రవహించే రక్తనాళాలతో సహా ముద్రించారు. పి-సెలెక్టిన్ అనే ప్రోటీనును అడ్డుకుంటే పళ్ళెంలో కణాల పెరుగుదల ఏమీ తగ్గలేదు, ప్రింటు చేసిన కణితిలో తగ్గింది. పళ్ళెంనే నమ్మి ఉంటే ఆ దారి అక్కడే మూసేసేవారు.

ఇక లోపాలు. అసలు మెదడులోని అతి సన్నని రక్తనాళాల అల్లికను ముద్రించడం ఇంకా కుదరలేదు. మందులను మెదడులోకి రానివ్వని రక్తం-మెదడు అడ్డుగోడ పూర్తిగా రాలేదు. జంతు పదార్థంతో చేసిన జెల్లు ఒక విడతకూ ఇంకో విడతకూ తేడాగా ఉంటుంది. ఇది ఇంకా పరిశోధనశాలల పని, దీన్ని చూసి మందు రాయడం మామూలు వైద్యంలో భాగం కాలేదు.

చట్టాలు మాత్రం కదిలాయి. కొత్త మందులకు జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అన్న నియమాన్ని 2022 డిసెంబరులో అమెరికా తీసేసింది. 2023లో భారత్ కూడా ఇలాంటి నమూనాలకు చోటిచ్చింది. కణాలు కడిగేసిన పదార్థంతో ముద్రించడం మన హైదరాబాదుకూ కొత్త కాదు. 2022లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటి, సీసీఎంబీ కలిసి అలాగే మనిషి కార్నియాను తయారుచేసి కుందేలు కంటిలో అమర్చాయి.

మళ్ళీ ఆ ఫోను దగ్గరికి వద్దాం. కొత్త మందు పేరు చెప్పలేకపోయినా, ఆపరేషనుకి ముందే సర్జనుని అడగమని చెప్పదగిన ప్రశ్న ఒకటుంది: తీసిన కణితిలో కొంత ముక్కను పరిశోధనకు సజీవంగా దాచే ఏర్పాటు అక్కడ ఉందా? అంగీకార పత్రం ముందే సంతకం చేయాలి. మామూలుగా ముక్కను ఫార్మలిన్‌లో వేసి పెథాలజీకి పంపుతారు. రోగనిర్ధారణకు అది కావలసిందే, కాని ఒకసారి ఫార్మలిన్‌లో పడ్డ కణాలను మళ్ళీ ఎవరూ పెంచలేరు.