నెర్రెల లెక్క: నల్లరేగడి వర్గీకరణలో సర్వే, వాతావరణ సమాచారం

నల్లరేగడిని గుర్తుపట్టడానికి శాస్త్రం అక్కరలేదు. ఎండాకాలంలో చేయి దూరేంత నెర్రెలు, వానాకాలంలో అడుగు తీసి అడుగు వేయనివ్వని జిగట చాలు. శాస్త్రం అవసరమయ్యేది ఆ తర్వాతే. ఆదిలాబాద్ రేగడి, పటాన్‌చెరు రేగడి, నంద్యాల రేగడి, ఉరవకొండ రేగడి ఒకే నేలా, వేర్వేరా అని తేల్చవలసి వచ్చినప్పుడు కంటికి కనిపించే నలుపు ఏమీ చెప్పదు. అమెరికా వ్యవసాయ శాఖ రూపొందించిన ‘సాయిల్ టాక్సానమీ’ని మన దేశపు నేలల సర్వే అనుసరిస్తోంది. ఆ పద్ధతిలో ఈ నేలల మధ్య తేడాను తేల్చే ముఖ్యమైన గీటురాయి, నెర్రెలు ఏడాదిలో ఎన్ని రోజులు తెరుచుకుని ఉంటాయన్నది. ఆ రోజులను మనం చేలో లెక్కపెట్టడం చాలా అరుదు. వాతావరణ పట్టికల నుంచి ఊహించి రాస్తాం. నేల పేరులో మొదటి పదం ఆ ఊహ మీద నిలబడుతోందని, దాన్ని కొలత మీద నిలబెట్టడం సాధ్యమేనని ఈ వ్యాసం వాదన.

గుంటలో కనిపించేది

పటాన్‌చెరులో అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది. ఆ ప్రాంగణంలో ఎర్ర నేలలూ నల్ల నేలలూ పక్కపక్కనే ఉన్నాయి. నల్ల నేలను ‘కాసిరెడ్డిపల్లి’ శ్రేణిగా, ఎర్ర నేలను ‘పటాన్‌చెరు’ శ్రేణిగా సర్వేలో నమోదు చేశారు. లోతైన నల్లరేగడి గురించి మాట్లాడేవారు తరచూ ఉదహరించేది కాసిరెడ్డిపల్లి శ్రేణినే. కాబట్టి వర్ణన అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఇలాంటి నేలలో గుంట తవ్వితే పైన దుక్కి పొర కనిపిస్తుంది. ఎండితే పొడిపొడిగా రాలుతుంది. దాని కింద ముదురు బూడిద నలుపు మట్టి లోతుదాకా దాదాపు ఒకే రంగులో సాగుతుంది. మున్సెల్ పటంలో 10వైఆర్ 3/1 దరిదాపుల్లో ఉండే ఈ రంగును చూసి సేంద్రియ పదార్థం మెండుగా ఉందనుకుంటారు కానీ, సేంద్రియ కర్బనం ఇక్కడ తక్కువే. మరింత కిందికి వెళితే మట్టి పెళ్లలు ఒకదాని మీద ఒకటి రాసుకుని నున్నగా మెరిసే ఏటవాలు తలాలు వస్తాయి. సర్వేలో వీటిని స్లికెన్‌సైడ్లు అంటారు. తడిసిన బంక ఉబ్బుతుంది, పక్కలకు చోటు లేక ఒత్తిడి పుడుతుంది, ఆ ఒత్తిడికి మట్టి వాలుగా జారుతుంది. ఆ జారుడు గుర్తులే ఈ తలాలు. అడుగున సున్నపు గులకలు ఉంటాయి. వాటి మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది.

వీటన్నిటికీ మూలం స్మెక్టైట్ అనే బంక ఖనిజం. దాని పలకల మధ్యకు నీరు చొరబడి విడదీస్తుంది, నీరు పోతే పలకలు మళ్లీ దగ్గరపడతాయి. పటాన్‌చెరు చుట్టూ రాయి గ్రానైట్ జాతిది అయినా, అక్కడి నల్ల నేలకు ముడిసరుకు దక్కన్ బసాల్టు నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు. నంద్యాల దగ్గర కుందూ లోయలో సున్నపురాయి, షేలు శిలల నుంచి వచ్చిన ఒండ్రు మీద కూడా ఇలాంటి రేగడే తయారైంది. అందుకే మాతృశిలను బట్టి వర్గీకరించిన పాత పద్ధతులు ఇక్కడ తడబడ్డాయి. సాయిల్ టాక్సానమీ నేల పుట్టుకను పక్కనపెట్టి, కొలవదగిన లక్షణాలను పట్టుకుంది.

మూడు షరతులు

నెర్రెలిచ్చే బంక నేలల వర్గమైన వర్టిసాల్‌లో చేరాలంటే నేల మూడు పరీక్షలు నెగ్గాలి. మొదటి 100 సెం.మీ. లోపు కనీసం 25 సెం.మీ. మందాన స్లికెన్‌సైడ్లో, 10 నుంచి 60 డిగ్రీల వాలులో ఉన్న చీలాకారపు పెళ్లలో ఉండాలి. పై 18 సెం.మీ.లో సగటున, అక్కడి నుంచి 50 సెం.మీ. దాకా ప్రతి పొరలోనూ బంక 30 శాతానికి తగ్గకూడదు. నెర్రెలు కాలానుగుణంగా తెరుచుకుని మూసుకోవాలి. మొదటి రెండింటినీ ఒక్క రోజు గుంటలో, ఆ తర్వాత ప్రయోగశాలలో తేల్చవచ్చు. మూడోది ఒక్క రోజులో తేలేది కాదు. అది ఏడాది పొడవునా సాగే కదలిక.

కింది స్థాయిలో దాదాపు ప్రతి మెట్టూ ఈ మూడో షరతు చుట్టూనే తిరుగుతుంది. లెక్కకు వచ్చే నెర్రె 5 మి.మీ. లేదా అంతకు మించిన వెడల్పుతో, పై 50 సెం.మీ. లోపల 25 సెం.మీ. మందాన ఉండాలి. ఆ నెర్రెలు ఏడాదిలో మొత్తం 90 రోజులకు తగ్గకుండా తెరుచుకుంటే నేల యుస్టర్ట్. అయితే అంతకుముందే మరో వడపోత ఉంది: నెర్రెలు వరుసగా 60 రోజులైనా మూసుకుని ఉండకపోతే అది ఎడారి తరహా టోరర్ట్ అవుతుంది. యుస్టర్ట్‌లలోని హాప్లుస్టర్ట్ సమూహంలోకి వచ్చాక, 150 రోజుల కన్నా తక్కువ తెరుచుకునేవి ఉడిక్, 210 రోజులు లేదా అంతకు మించి తెరుచుకునేవి అరిడిక్, మరే ప్రత్యేకతా లేకుండా ఈ రెంటి మధ్య మిగిలినవి టిపిక్. ఈ అంకెలన్నీ నీరు పెట్టని చేనికి వర్తించేవి. కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద వరి పండే రేగడిలో నెర్రెల తీరు మారిపోతుంది కాబట్టి, ఆ నేల పేరును పక్కనున్న మెట్ట చేనిని చూసి నిర్ణయించాలి.

1975లో వచ్చిన మొదటి కూర్పులో పరిస్థితి వేరుగా ఉండేది. అప్పట్లో యుస్టర్ట్‌లను రంగును బట్టి పెల్లుస్టర్ట్, క్రోముస్టర్ట్ అని విడదీశారు. కాసిరెడ్డిపల్లి శ్రేణి పాత నివేదికల్లో టిపిక్ పెల్లుస్టర్ట్. 1992లో అంతర్జాతీయ కమిటీ సిఫారసుల మేరకు ఆ విభజన తొలగిపోయింది. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. రంగులోని చిన్న తేడా పంటకు ఏమీ చెప్పదు, నెర్రెల కాలం చాలా చెబుతుంది. కానీ ఆ మార్పుతో బరువంతా నెర్రెల లెక్క మీద పడింది. ఆ లెక్కకు తగిన సర్వే పద్ధతిని మనం పెంచుకోలేదు.

వాతావరణ పట్టికల నుంచి నేలలోకి

సాధారణంగా జరిగేది ఇది. దగ్గరి వాతావరణ కేంద్రం నుంచి నెలవారీ వర్షపాతం, ఉష్ణోగ్రత తీసుకుంటారు. థార్న్‌త్‌వైట్ 1948లో చెప్పిన నీటి పద్దు పద్ధతితోనో, న్యూహాల్ 1972లో రూపొందించిన నమూనాతోనో నేలలో తేమ ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఎండుతుందో గణిస్తారు. ఆ గణన నుంచి ‘యుస్టిక్’ తేమ స్థితి అని వస్తుంది, నేల పేరు దాన్ని అనుసరిస్తుంది.

ఎర్ర చల్కలకు ఇది నప్పుతుంది. అక్కడ వాన నీరు పైనుంచి కిందికి ఒక వరుసలో దిగుతుంది. రేగడిలో అలా కాదు. తొలకరి జల్లు నెర్రెల గుండా నేరుగా అడుగుకు చేరుతుంది. నేల పైనుంచీ నెర్రెల అడుగు నుంచీ ఒకేసారి తడుస్తుంది, నడుమ పొర ఎండుగానే ఉండిపోవచ్చు. ఇక్రిశాట్ నల్ల నేలలో ఎండిన స్థితిలో నీరు ఇంకే వేగం మొదట గంటకు 70 మి.మీ. దాటి, నేల పూర్తిగా ఉబ్బాక 1 మి.మీ. కన్నా తక్కువకు పడిపోతుంది. ఇంత తేడాను నెలవారీ పద్దు పట్టుకోలేదు. నిజానికి సాయిల్ టాక్సానమీయే, తేమను లెక్కగట్టడానికి ఎంచుకునే ‘తేమ నియంత్రణ పొర’ అన్న భావన నెర్రెలిచ్చే బంక నేలలకు సరిగా పొసగదని, వాటి తేమ తీరును నెర్రెల కాలక్రమంతోనే నిర్వచించాలని స్పష్టంగా చెబుతోంది. పుస్తకం వద్దన్న దారినే పుస్తకం పేరుతో నడుస్తున్నాం.

‘సాధారణ సంవత్సరం’ అన్న మాటకూ కచ్చితమైన అర్థం ఉంది. 30 ఏళ్లు లేదా అంతకు మించిన సగటుకు ఒక ప్రామాణిక విచలనం లోపల ఆ ఏటి వాన ఉండాలి, 12 నెలల్లో కనీసం 8 నెలల వాన కూడా అలాగే ఉండాలి. రాయలసీమలో వానలు ఎంత చంచలమో తెలిసిన వారికి ఈ షరతు ఎంత కీలకమో వేరే చెప్పనక్కరలేదు. కరువు ఏడాదో, తుపాను ఏడాదో తవ్విన ఒక్క గుంటను చూసి పేరు పెడితే నేలకు అన్యాయం చేసినట్టే.

ఉష్ణోగ్రత విషయంలో ఒక విశేషం చెప్పాలి. మన రేగడులను ఐసోహైపర్‌థర్మిక్ అంటారు: 50 సెం.మీ. లోతున ఏడాది సగటు 22 డిగ్రీలు లేదా అంతకు మించి, వేసవి శీతాకాల సగటుల తేడా 6 డిగ్రీల లోపు. మే నెలలో హైదరాబాద్ గాలి సగటు 33 డిగ్రీలకు చేరువవుతుంటే తేడా ఇంత తక్కువ ఎలా? నిర్వచనంలో వేసవి అంటే జూన్, జూలై, ఆగస్టు. అప్పటికి వానలు పడి నేల చల్లబడుతుంది. రేగడిని నెర్రెలిచ్చే అసలు ఎండలు, మార్చి నుంచి మే దాకా, ఈ లెక్కలోకే రావు.

వాన తగ్గుతున్న కొద్దీ

వాతావరణ సమాచారం పనికిరాదని నేను అనడం లేదు. అది దిశను చూపుతుంది. ఏడాదికి 1,000 మి.మీ. దాటి వాన పడే ఆదిలాబాద్‌లో నెర్రెలు వానాకాలం నడుమకల్లా మూసుకుని, పంట తేమను లాగేసేదాకా తెరుచుకోవు. అక్కడి లోతైన రేగడి ఉడిక్, టిపిక్ సరిహద్దులో ఉంటుందని అంచనా వేయవచ్చు. సుమారు 670 మి.మీ. సగటున్న పాత కర్నూలు జిల్లాలో సెప్టెంబరు వానలే నేలను నిండుగా తడుపుతాయి. అందుకే అక్కడి రైతు వానాకాలమంతా చేనును ఖాళీగా ఉంచి, గుంటక తోలి, అక్టోబరులో శనగ విత్తుతూ వచ్చాడు. ఆ ఆచారంలోనే నెర్రెలు ఎప్పుడు పూర్తిగా మూసుకుంటాయన్న సమాచారం ఉంది. సుమారు 550 మి.మీ. పడే అనంతపురం జిల్లాలో ఉరవకొండ, తాడిపత్రి వైపు రేగడులు అరిడిక్ వైపు ఒరుగుతాయి. వరుస కరువుల్లో 60 రోజుల మూత కూడా అనుమానమే.

గుంటక తోలిన చేలో పైన నెర్రె కనిపించదు. వదులు మట్టి దాన్ని కప్పేస్తుంది. నిర్వచనం ‘పై 50 సెం.మీ. లోపల 25 సెం.మీ.’ అన్నదే కాబట్టి దుక్కి పొర కింద నెర్రె తెరిచే ఉన్నా లెక్కకు వస్తుంది. పైకి చూసి మూసుకుందని రాసుకునే సర్వేయరు ఇక్కడ పొరబడతాడు. చౌడు తగిలిన చోట మరో చిక్కు: 100 సెం.మీ. లోపు మార్పిడి సోడియం 15 శాతం చేరి, ఏడాదిలో ఆరు నెలలైనా అలాగే ఉంటే నేల సోడిక్ హాప్లుస్టర్ట్ అవుతుంది. పట్టికలో సోడిక్ అరిడిక్ కన్నా ముందు వస్తుంది. ఎండు ప్రాంతపు నేల అడుగున సున్నం పేరుకుని సోడియం పెరిగిన చోట, దాని ఎండుతనం పేరులోంచే మాయమైపోతుంది.

ఈ తేడాలు చేనికి ముఖ్యం. ఇక్రిశాట్‌లో 1976 నుంచి నడుస్తున్న దీర్ఘకాల ప్రయోగంలో, తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తి, వెడల్పు మళ్లు, వాటి నడుమ కాలువలతో రెండు పంటలు తీస్తే హెక్టారుకు సగటున 5 టన్నుల గింజ వచ్చింది. వానాకాలం ఖాళీగా ఉంచే పాత పద్ధతిలో వచ్చింది సుమారు 1 టన్ను. కానీ ఆ పద్ధతిని నమ్మకంగా 750 మి.మీ. దాటి వాన పడే చోట్లకే సూచించారు. పటాన్‌చెరు రేగడికీ ఉరవకొండ రేగడికీ పటంలో ఒకే పేరు రాస్తే, ఈ ఎల్లను చూపించవలసిన పటం మౌనంగా ఉండిపోతుంది.

ఏం చేయవచ్చు

1976లో ఏర్పడి, నాగపూర్ కేంద్రంగా పనిచేస్తున్న జాతీయ నేలల సర్వే సంస్థ ఇప్పుడు 1:10,000 స్థాయి పటాల వరకు వచ్చింది. ఆ సర్వేలో భాగంగానే ప్రతి లోతైన రేగడి శ్రేణికి నీరు పెట్టని ఒక చెక్కను ఎంచుకుని, అందులో సగం బీడుగా, సగం స్థానిక పంటతో ఉంచాలి. బీడులో అడుగు తేమ నిలుస్తుంది, పంట ఉన్న చోట వేళ్లు దాన్ని లాగేసి నెర్రెలు ముందే తెరుస్తాయి, ఈ రెంటి తేడా కూడా తెలియాలి. పది రోజులకోసారి వదులు మట్టిని తొలగించి 5 మి.మీ. మందం కడ్డీని నెర్రెలోకి దించి, ఎంత మందాన దిగిందో రాయాలి. పక్కనే మండల వర్షమాపకం లెక్క ఉంటుంది. సాధారణ సంవత్సరమని తేలిన ఏళ్లను మాత్రమే తీసుకుని రోజులు కూడితే ఉడిక్, టిపిక్, అరిడిక్ అన్నది తేలుతుంది. అప్పుడు అదే అంకెలతో న్యూహాల్ నమూనా ఎక్కడ ఎంత తప్పుతోందో సరిచూసి, చెక్క పెట్టలేని ఊళ్లకు ఆ దిద్దుబాటును వర్తింపజేయవచ్చు.