ఫొటోలో మిగిలిన పాదాలు

ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం గురించి రాసిన పుస్తకాల్లో తరచుగా ఒక ఫొటో కనిపిస్తుంది. 1916 ఏప్రిల్ 29, శనివారం. డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు మొదలై ఆరో రోజు. తిరుగుబాటు నాయకుడు పాట్రిక్ పియర్స్ పొడవాటి కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు ఎదురుగా బ్రిటిష్ సైన్యాధికారి జనరల్ లో, పక్కన ఇంకో అధికారి. పియర్స్ లొంగిపోతున్న క్షణం అది. కాస్త నిదానంగా చూస్తే పియర్స్ కోటు కింద, ఆయనవి కాని ఇంకో జత పాదాలు, కొంచెం గౌను అంచు కనిపిస్తాయి.

ఆ పాదాలు ఎలిజబెత్ ఓ ఫారెల్ అనే నర్సువి. కాల్పులు ఇంకా ఆగని మూర్ స్ట్రీట్‌లోకి తెల్లజెండా పట్టుకుని ఒంటరిగా నడిచి వెళ్లింది ఆమే. లొంగుబాటు కబురును బ్రిటిష్ సైన్యానికి చేర్చింది ఆమే. ఆ తర్వాత పియర్స్ ఆజ్ఞను నగరంలో ఇంకా పోరాడుతున్న దళాల దగ్గరకు మోసుకెళ్లిందీ ఆమే. ఈ ఫొటోను అచ్చువేసిన కొన్నిచోట్ల ఆ పాదాలను కూడా చెరిపేశారు. శత్రువు పత్రికలకు ఆ తృప్తి దక్కకూడదని తానే ఒక అడుగు వెనక్కి వేశాననీ, తర్వాత అందుకు బాధపడ్డాననీ ఆమె జీవితం చివర్లో చెప్పినట్టు ఒక కథనం ఉంది. ఒకవైపు ఆమె తనంతట తాను వెనక్కి తగ్గింది, ఇంకోవైపు మిగిలిన కాస్తా వేరేవాళ్లు తుడిచేశారు. చరిత్రలో స్త్రీలు కనబడకుండా పోవటం గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ రెండింటినీ కలిపి చూడాలనిపిస్తుంది నాకు.

ఈ ఫొటో చూసినప్పుడల్లా నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో తాతయ్య దళంలో ఉన్నాడు. తర్వాతెప్పుడో ఆయన స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. నువ్వెందుకు పెట్టుకోలేదని చిన్నప్పుడొకసారి నాయనమ్మను అడిగాను. "నేనేం జేసిన బిడ్డా? వండి పెట్టిన, చీటీలు అందిచ్చిన. గంతే గద!" అని నవ్వేసింది. ఐర్లండ్ స్త్రీల పెన్షన్ ఫైళ్లు చదవటం మొదలుపెట్టాక ఆ "గంతే గద" నన్ను వదలటం లేదు.

ఐర్లండ్ స్త్రీలు 1916లో ఉన్నట్టుండి వీధుల్లోకి వచ్చినవాళ్లు కాదు. 1908లో హానా షీహీ స్కెఫింగ్టన్, మార్గరెట్ కజిన్స్ కలిసి ఐరిష్ మహిళల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించారు. ప్రభుత్వ భవనాల కిటికీ అద్దాలు పగలగొట్టి జైళ్లకు వెళ్లారు. 1914లో జాతీయవాద స్త్రీలు 'కుమన్ న మాన్' (మహిళల సంఘం) పెట్టుకున్నప్పుడు హానా దాన్ని గట్టిగానే విమర్శించింది. మగవాళ్ల సైన్యానికి చందాలు పోగుచేయటానికి మనకో సంఘం కావాలా అన్నది ఆమె ప్రశ్న. ముందు దేశమా, ముందు ఓటా? ముందు వర్గమా, ముందు స్త్రీ సమస్యా? ఈ తగువు మనకు కొత్తేమీ కాదు. మనం దశాబ్దాలుగా పడుతున్నదే.

ఆ మార్గరెట్ కజిన్సే 1915లో భర్త జేమ్స్‌తో కలిసి మద్రాసు వచ్చి, ఆ తర్వాత మదనపల్లెలో స్థిరపడింది. 1919లో అక్కడి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు టాగూర్ వచ్చినప్పుడు జనగణమన బాణీని స్వరాలుగా రాసిపెట్టిన మనిషిగా మనవాళ్లకు ఆమె గుర్తు. ఐర్లండ్‌లో ఓటు కోసం అద్దాలు పగలగొట్టి జైల్లో నిరాహారదీక్ష చేసిన స్త్రీ మన చిత్తూరు జిల్లాకు వచ్చేసరికి ఒక పాటకు సహాయకురాలిగా మాత్రమే మిగిలింది. 1917లో భారత స్త్రీలకు ఓటుహక్కు కోరుతూ మాంటేగును కలిసిన బృందం వెనుక ఉన్నదీ, 1932లో వెల్లూరు జైలుకు వెళ్లిందీ ఈమే.

మళ్లీ డబ్లిన్‌కు వస్తాను. 1916 స్వాతంత్ర్య ప్రకటన ఐర్లండ్ పురుషులనూ స్త్రీలనూ ఇద్దరినీ పేరుపెట్టి సంబోధించింది. సమాన హక్కులు, అందరికీ ఓటు వాగ్దానం చేసింది. దాని మీద సంతకం చేసిన ఏడుగురూ పురుషులే. కార్మికుల దళమైన ఐరిష్ సిటిజన్ ఆర్మీలో స్త్రీలు తుపాకులు పట్టారు. కాన్‌స్టన్స్ మార్కియేవిచ్ సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్‌లో ఉప నాయకురాలు. డాక్టర్ కాథ్లీన్ లిన్ ఆ సైన్యానికి ముఖ్య వైద్యాధికారి. అదే సమయంలో బోలండ్స్ మిల్లు దగ్గర దళానికి నాయకుడైన ఈమన్ డి వలేరా స్త్రీలను లోపలికి రానివ్వలేదు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

గ్లాస్గో నుంచి వచ్చిన మార్గరెట్ స్కినిడర్ లెక్కల టీచరు. గురి తప్పని తుపాకీ ఆమెది. ఒక హోటల్లోకి బాంబు విసరటానికి తనను పంపమని అడిగితే, ఆడదాన్ని అంత ప్రమాదంలోకి పంపటానికి కమాండర్ వెనకాడాడు. ప్రాణాలు పణంగా పెట్టే హక్కు కూడా రిపబ్లిక్ ప్రకటన మాకు సమానంగా ఇచ్చిందని ఆమె వాదించింది. ఆ వారంలోనే హార్‌కోర్ట్ స్ట్రీట్‌లో ఒక భవనానికి నిప్పు పెట్టటానికి వెళ్లినప్పుడు ఆమె ఒంట్లోకి మూడు తూటాలు దిగాయి.

1925లో స్కినిడర్ గాయాల పెన్షన్‌కు దరఖాస్తు పెట్టుకుంది. స్వతంత్ర ఐర్లండ్ ప్రభుత్వం దాన్ని తిరస్కరించింది. గాయాలు అబద్ధమని ఎవరూ అనలేదు. చట్టంలో 'సైనికుడు' అన్న మాటకు అర్థం పురుషుడు మాత్రమేనని న్యాయ సలహా వచ్చింది. అంతే. బ్రిటిష్ తూటాకు ఆమె ఆడదో మగవాడో పట్టలేదు గానీ, స్వదేశీ నిఘంటువుకు పట్టింది. చివరకు 1938లో ఆమెకు పెన్షన్ వచ్చింది. ఆ తర్వాత ఉపాధ్యాయ సంఘంలో స్త్రీలకు సమాన వేతనం కోసం పోరాడి, 1956లో ఆ సంఘానికి అధ్యక్షురాలైంది.

1934 చట్టం కుమన్ న మాన్ సభ్యులకూ పెన్షన్ తలుపు తెరిచింది. అయితే అయిదు శ్రేణుల్లో కింది శ్రేణులే వాళ్లకు. ఆ దరఖాస్తులను 2014 నుంచి విడతలవారీగా ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. సాహిత్య విద్యార్థిగా నాకు వాటిని చదువుతుంటే అవి ప్రభుత్వ కాగితాల్లా కాక ఆత్మకథల్లా కనిపించాయి. ఆ ఆత్మకథల రూపాన్ని నిర్ణయించింది మాత్రం రాసిన స్త్రీలు కాదు, పెన్షన్ బోర్డు. ఏ తేదీన, ఏ దళంలో, ఎవరి ఆజ్ఞ మీద, ఏ 'క్రియాశీల సేవ' చేశావు? రుజువు చేసేదెవరు? రుజువు చేయాల్సింది ఎక్కువగా మగ కమాండర్లే. 1919 నుంచి 1921 దాకా సాగిన గెరిల్లా యుద్ధమంతా ఇళ్ల మీద ఆధారపడి నడిచింది. పరారీలో ఉన్నవాళ్లకు అన్నం, పక్క, పొడి బట్టలు, గాయాలకు కట్టు, గోడలో తుపాకి, జాకెట్లో ఉత్తరం. ఇల్లే యుద్ధరంగమైన చోట, ఇంటి పనిని యుద్ధంగా లెక్కించటానికి ఫారంలో గడి లేదు. ఆ ఆడవాళ్లు తాము చేసిన పనిని ఆ గడుల్లో ఇరికించటానికి ఎంత తంటాలు పడ్డారో ఆ కాగితాలు చెప్తాయి. మా నాయనమ్మ ఆ తంటా పడలేదు. గడి లేదని తెలిసి, నవ్వి ఊరుకుంది.

ఆ ఫారాలు అడగనివీ ఉన్నాయి. ఆ యుద్ధంలో ఇరుపక్షాలూ స్త్రీల జుట్టు బలవంతంగా కత్తిరించాయి. పోరాటవీరులకు సాయపడుతున్నారని బ్రిటిష్ బలగాలు, ఆ బలగాలతో స్నేహంగా ఉన్నారని తిరుగుబాటుదారులు. శత్రువు చేసిన దాన్ని జాతీయ చరిత్ర గట్టిగానే చెప్పింది. మనవాళ్లు చేసిన దాని గురించి చాలాకాలం గొంతు తగ్గించే మాట్లాడింది. ఉద్యమం లోపలి హింస గురించి మాట్లాడితే ఉద్యమానికి ద్రోహమని మనకూ చాలాసార్లు చెప్పారు కదా.

ఐరిష్ సాహిత్యంలో స్త్రీలు లేరా అంటే, దేశమే స్త్రీ. 1902లో ప్రదర్శించిన 'కాథ్లీన్ ని హూలిహన్' నాటకంలో ఐర్లండ్ ఒక ముసలమ్మ రూపంలో గడప తొక్కి, పెళ్లికి సిద్ధమైన కుర్రాణ్ని తన పొలాల కోసం ప్రాణమివ్వమని పిలుస్తుంది. ఆ నాటకం యేట్స్ పేరుతో ప్రసిద్ధమైంది. అందులో ఎక్కువ భాగం రాసింది లేడీ గ్రెగరీ అని తర్వాతి పరిశోధకులు తేల్చారు. దేశాన్ని స్త్రీగా చూపిన నాటకంలోనే, దాన్ని రాసిన స్త్రీ పేరు లేకుండా పోయింది. కవయిత్రి ఈవన్ బోలండ్ 1989లో ప్రచురించిన ఒక వ్యాసంలో దీని గురించే మథనపడింది. కవిత్వంలో ఆభరణంగా నిలబెట్టిన దేశమాత నీడలో, కరువూ కష్టమూ మోసిన అసలు స్త్రీలు ఎలా అదృశ్యమయ్యారన్నది ఆమె వేదన.

చట్టాల్లో జరిగింది ఇంకా సూటిగా ఉంటుంది. 1922 రాజ్యాంగం 21 ఏళ్లు నిండిన స్త్రీలందరికీ ఓటిచ్చింది, బ్రిటన్ కంటే ఆరేళ్లు ముందు. ఆ తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవటం మొదలైంది. 1927లో జ్యూరీల నుంచి దాదాపుగా తప్పించారు. పెళ్లయితే ప్రభుత్వ ఉద్యోగం మానేయాలన్న నిబంధన 1973 దాకా నడిచింది. 1937లో కొత్త రాజ్యాంగం వచ్చింది. దాని 41వ అధికరణం, ఇంట్లో స్త్రీ గడిపే జీవితమే దేశానికి ఆధారమనీ, ఆర్థిక అవసరం వల్ల తల్లులు ఇంటి బాధ్యతలు వదిలి పనికి వెళ్లాల్సిన స్థితి రాకుండా రాజ్యం ప్రయత్నిస్తుందనీ అంటుంది. ఆ రాజ్యాంగానికి కర్త డి వలేరా. బోలండ్స్ మిల్లు గేటు దగ్గర ఆపినవాడు ఇరవయ్యొక్క ఏళ్ల తర్వాత దేశం గేటు దగ్గరే ఆపాడు. హానా షీహీ స్కెఫింగ్టన్, కాథ్లీన్ క్లార్క్ వంటి 1916 తరం స్త్రీలు దీన్ని వ్యతిరేకించారు. తమకు 1916 ప్రకటన చాలన్నది వాళ్ల వాదన.

1966లో స్వర్ణోత్సవాలప్పుడు మరణశిక్ష పొందిన నాయకుల పేర్లు పదిహేను రైల్వే స్టేషన్లకు పెట్టారు. స్త్రీ అనే కారణంతో మార్కియేవిచ్ మరణశిక్షను రద్దు చేశారు కాబట్టి ఆ జాబితాలో స్త్రీకి చోటే లేదు. అమరత్వమే కొలమానమైతే బతికినవాళ్ల పని లెక్కకు రాదు. 1947 నుంచి 1957 దాకా పోరాట సాక్షుల నుంచి సేకరించిన 1,773 వాంగ్మూలాలను తాళాలు వేసి దాచారు. అవి బయటకొచ్చింది 2003లో. ఆ తర్వాతే స్త్రీల గొంతులు పరిశోధకులకు విరివిగా అందాయి. 2014లో లిఫీ నది మీద ఒక వంతెనకు స్త్రీ పేరు పెట్టారు. రోజీ హాకెట్, బిస్కెట్ ఫ్యాక్టరీలో పనిచేసిన కార్మికురాలు. 2016 శతాబ్ది ఉత్సవాల్లో స్త్రీల పేర్లు మారుమోగాయి. కానీ ఆ ఉత్సవాల కోసం జాతీయ నాటకశాల అబీ థియేటర్ ప్రకటించిన పది నాటకాల్లో స్త్రీ రాసింది ఒక్కటే. 2015 నవంబర్‌లో రంగస్థల స్త్రీలు అదే థియేటర్లో గుమిగూడి నిలదీశారు.

2024 మార్చి 8న, అంటే మహిళా దినోత్సవం రోజునే, ఆ 'ఇల్లు' అధికరణాన్ని మార్చాలా అని ప్రజలను అడిగారు. 73.9 శాతం వద్దన్నారు. దాన్ని కేవలం ఛాందసం అని కొట్టిపారేయలేం. కొత్త వాక్యం సంరక్షణ బాధ్యతను మళ్లీ కుటుంబం మీదకే నెట్టిందనీ, రాజ్యం 'ప్రయత్నిస్తుంది' అని మాత్రమే చెప్పిందనీ వికలాంగుల హక్కుల కార్యకర్తలూ, కొందరు స్త్రీవాదులూ వ్యతిరేకించారు. 1937 వాక్యం ఇంకా అక్కడే ఉంది. విగ్రహాలు, వంతెనలు, తపాలా బిళ్లలు వచ్చాయి. ఇంట్లో చేసే పనిని ఎవరు, ఏ విలువతో లెక్కిస్తారన్న ప్రశ్న 1934 పెన్షన్ ఫారం దగ్గర ఎక్కడ ఆగిందో దాదాపు అక్కడే ఆగి ఉంది.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాట స్త్రీలతో మాట్లాడటమంటే ఖాళీల్లో పేర్లు నింపటం కాదనీ, పోరాటమంటే ఏమిటో మళ్లీ అడగటమనీ మనకు తెలిసింది. ఐర్లండ్ ఫైళ్లు చదివాక నాకు ఆ పుస్తకం ఇంకోసారి అర్థమైంది.

ఎలిజబెత్ ఓ ఫారెల్ 1957లో చనిపోయింది. తిరుగుబాటులో తనతో చివరిదాకా ఉండి, ఆ తర్వాత జీవితమంతా కలిసి బతికిన జూలియా గ్రెనన్‌ను కూడా తర్వాత గ్లాస్‌నెవిన్‌లో అదే సమాధిలో ఉంచారు. మా నాయనమ్మ చీటీలు ఎవరికి అందించిందో, వాటిలో ఏముందో నేను అడగలేదు. ఆ రోజు ఆమె నవ్వితే నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు అడగటానికి ఆమె లేదు. మీ ఇళ్లలో ఇంకా ఉన్నవాళ్లను, "గంతే గద" అన్న తర్వాత కూడా కాసేపు కూర్చుని అడగండి.