గ్రైండింగ్ (ఆన్‌లైన్ ఆటలు)

ఎందరో కలిసి ఆడే ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో ఒకే పనిని పదేపదే చేస్తూ అనుభవ పాయింట్లు కూడబెట్టి, పాత్ర స్థాయిని పెంచుకునే పద్ధతి.

చరిత్ర: స్థాయిల విధానం 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటతో ప్రాచుర్యం పొందింది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ విస్తరించిన ‘మడ్’ ఆట దాన్ని నెట్‌వర్క్ కంప్యూటర్లకు తెచ్చింది.

తీరు: పైకి వెళ్లేకొద్దీ కావలసిన పాయింట్లు వేగంగా పెరుగుతాయి. రూన్‌స్కేప్ (2001)లో ఒక నైపుణ్యంలో 99వ స్థాయికి 1,30,34,431 పాయింట్లు కావాలి. 92వ స్థాయి చేరేసరికి అందులో సగమే పూర్తవుతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (2004)లో కొంతకాలం ఆట ఆపి తిరిగొచ్చినవారికి, శత్రువులను ఓడించినప్పుడు కొంత మేరకు రెట్టింపు పాయింట్లు దక్కుతాయి.

నియమాలు: ఆటగాడికి బదులు ప్రోగ్రాములతో పాయింట్లు పోగుచేయడం చాలా ఆటల్లో నిషిద్ధం, పట్టుబడితే ఖాతా రద్దు కావచ్చు.