అభ్యంగము, ఉద్వర్తనము: తలజిడ్డును పోగొట్టు విధానముల చరిత్ర

ఉష్ణదేశవాసులకు తలజిడ్డు నిత్యానుభవము. తలచర్మమునందలి సూక్ష్మగ్రంథులనుండి స్నిగ్ధద్రవ్యమొకటి యెల్లప్పుడు స్రవించుచుండును. ఎండ పెచ్చు పెరిగినకొలఁది నది పలుచనై వెండ్రుకల పొడవునను ప్రాకును. చెమటయు ధూళియు దానితో కలియును. ఇట్టి దేశమున మన పూర్వులు తలకు మఱింత నూనె యేల రాచిరి? విద్యార్థులు తఱచుగా నడుగు ప్రశ్న యిది. దీనికి రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. పూర్వాచారమంతయు మేలని కొందఱు చెప్పుదురు. అది మలినాచారమని కొందఱు చెప్పుదురు. ఈ రెండు పక్షములవారును విధిలోని పూర్వభాగమునే చూచి యుత్తరభాగమును విడిచినారని నా యభిప్రాయము. నూనె రాచుట యెంత విధియో దానిని తీసివేయుట యంత విధి. ఈ రెండవ భాగము మన దేశమున నెట్లు పెంపొందినది, మొదటిదానినుండి యెట్లు విడివడినది యను నంశము నిచట విచారింతును.

మొదట మాటలను పరిశీలింతము. తెలుఁగున 'నూనె' యనునది నువ్వు, నెయ్యి యను రెండు పదముల కూడికవలన నేర్పడినది. అరవమునందలి 'ఎణ్ణెయ్' శబ్దమును ఎళ్, నెయ్ అనియే విడఁదీయవలెను. అచట ఎళ్ అనఁగా నువ్వు. సంస్కృతమున తిలశబ్దమునుండి తైలశబ్దము పుట్టినది. ఈ మూఁడు భాషలును ఈ దేశపు మొదటి నూనె నువ్వులనూనె యనియే సాక్ష్యమిచ్చుచున్నవి. తరువాత నర్థము విరివియైనది. ఆవనూనె, కొబ్బరినూనె యనునపుడు నువ్వుల స్మృతి యెవరికిని రాదు. సంస్కృతమునందును ఇదే గతి. సర్షపతైలము, ఇంగుదతైలము మున్నగు ప్రయోగములను సాధించుటకై వార్తికకారుఁడు స్నేహార్థమున 'తైలచ్' అను ప్రత్యయమునే విధించినాఁడు. కావుననే తిలతైలమనుట పునరుక్తి గాదు.

స్నేహశబ్దము నూనెకును ప్రీతికిని సమానముగా వాచకము. తెలుఁగునందలి 'జిడ్డు' దానికి విరుద్ధమైన భావమును తెలుపును. పట్టినచో వదలని మనుష్యుని జిడ్డు అందుము గాని స్నేహము అనము. ద్రవ్య మొక్కటియే, రాచుకొను వేళ దానికొక పేరు, వదలించుకొను వేళ మఱియొక పేరు. లోకానుభవమున ఈ రెండు వేళలును వేఱువేఱుగా గుర్తింపఁబడినవనుటకు పదములే ప్రమాణము.

శాస్త్రమునందును ఇట్లే రెండు పదములు గలవు. అభిపూర్వకమైన అంజధాతువుమీఁద ఘఞ్ ప్రత్యయము చేరి, జకారమునకు గకారము రాఁగా అభ్యంగశబ్దము సిద్ధించును. ధాతుపాఠమున నీ ధాతువునకు చెప్పఁబడిన యర్థములలో మ్రక్షణము, అనఁగా పూయుట, ఒకటి. ఉద్వర్తనమున ఉత్ అను నుపసర్గ మీఁదికి అను నర్థమును తెలుపును. పిండిచేత నొడలిని మీఁదికి రుద్దుట యని తాత్పర్యము. తెలుఁగున మొదటిది తలంటు, రెండవది నలుగు. పెండ్లివారి యిండ్లలో నలుగు పెట్టుట నేఁటికిని నిలిచియున్న యాచారమే.

వాగ్భటుఁడు అష్టాంగహృదయము సూత్రస్థానమున రెండవ యధ్యాయమందు దినచర్యను చెప్పుచు, అభ్యంగము, వ్యాయామము, ఉద్వర్తనము, స్నానము అను క్రమమును పాటించినాఁడు. నూనె రాచిన పిమ్మట శరీరశ్రమ, ఆ పిమ్మట పిండిచేత రుద్దుట, తుదకు స్నానము. నూనెను తలమీఁద నట్లే నిలిపికొని సంచరింపుమని యీ క్రమమున లేదు. ఉద్వర్తనము కఫమును హరించుననియు మేదస్సును కరఁగించుననియు ఆయన చెప్పినాఁడు. వేఁడినీరు క్రిందిభాగమునకు బలమిచ్చుననియు, తలమీఁద పోసికొన్నచో కేశములకును నేత్రములకును హానికరమనియు స్నానవిధియందు హెచ్చరించినాఁడు.

వీనికంటె ముఖ్యమైన నిషేధమొకటి కలదు. కఫగ్రస్తునకు, శోధనము చేసికొన్నవానికి, అజీర్ణము గలవానికి అభ్యంగము వర్జ్యమని యా గ్రంథమే శాసించుచున్నది. కఫగుణములను లెక్కించునపుడు స్నిగ్ధత్వమే మొదట చెప్పఁబడినది. స్నిగ్ధత్వము స్వభావముచేతనే మిక్కుటమైనవానికి స్నేహమును మఱల చేర్చుట శాస్త్రాశయము గాదని దీనివలన నూహింపవచ్చును. 'అందఱును అనుదినమును తలనిండ నూనె రాయవలెను' అను మాటకు అభ్యంగవిధిని మాత్రము చూపి నిషేధమును చూపకుండుట ప్రమాణమును సగము చదువుటయే.

రాజభోగములందును ఇదే జంట కానవచ్చును. కల్యాణచాళుక్యుఁడగు మూఁడవ సోమేశ్వరుఁడు 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున స్నానభోగమని యొక ప్రకరణము గలదు. అందు పరిమళతైలములతోడి మర్దనమును, పిమ్మట దానిని పోగొట్టు చూర్ణములును వర్ణింపఁబడినవి. మా బోధను ప్రాంతము కల్యాణచాళుక్యుల యేలుబడిలోనిదే గాన, ఆ గ్రంథము మాకు పరదేశవార్త గాదు.

జిడ్డును తీయు ద్రవ్యములను మూఁడు తెగలుగా విభజింపవచ్చును. మొదటిది పిండి: పెసలు, సెనగలు, బియ్యము మున్నగువాని పొడి. ఇది జిడ్డును పీల్చుకొని దానితోఁగూడ రాలిపోవును. సున్నిపిండి యీ తెగలోనిదే. ప్రాచీనకావ్యములందు జలకములాడు ఘట్టములలో వచ్చు 'అటకలి' యను పదమును ఈ సందర్భమునకు చేరినదే. రెండవది నురుగు: కుంకుడుకాయ, శీకాయ. మూఁడవది క్షారము: చవుడుమన్ను, బూడిద. మనుస్మృతి యైదవ యధ్యాయమున వస్త్రశుద్ధిని చెప్పుచు పట్టునకును ఉన్నికిని ఊషమును, అనఁగా చవుటిమన్నును, మేఁకరోమముల కంబళ్లకు అరిష్టకమును, అనఁగా కుంకుడును, విధించినది. ఏ ద్రవ్యము దేనికి తగునో వేఱువేఱుగా నెఱిఁగి చెప్పిన వాక్యమది.

అమరసింహుఁడు అరిష్ట, ఫేనిల శబ్దములను పర్యాయములుగా పఠించినాఁడు. ఫేనమనఁగా నురుగు. ఫేనము గలది యను నర్థమున ఇలచ్ ప్రత్యయమును పాణిని యైదవ యధ్యాయము రెండవ పాదమున విధించినాఁడు. కుంకుడునకు ఫేనిలమను పేరు దాని గుణమునుబట్టి వచ్చినదే. అరిష్టశబ్దము మఱింత విచిత్రమైనది. హింసార్థకమైన రిషధాతువునకు నిషేధము చేరఁగా 'హాని లేనిది' యని యవయవార్థము. తెలుఁగున అరిష్టమనఁగానే కీడు తోఁచును. అమరమున నీ శబ్దమునకు శుభమును అశుభమును రెండర్థములును చెప్పఁబడినవి. హిందీయందలి 'రీఠా' అను పేరు ఈ యరిష్టశబ్దమునకు వికారమే. లినేయసు 1753లో నీ వృక్షజాతికి 'సాపిండస్' అని పేరు పెట్టినాఁడు. భారతదేశపు సబ్బు అను నర్థముగల లాటిను మాటల సంక్షేపమది. సంస్కృతము నురుగును చూచి పేరు పెట్టఁగా, లాటిను సబ్బును తలఁచుకొని పేరు పెట్టినది.

కుంకుడునకును సబ్బునకును గల భేదమును నేఁటి రసాయనశాస్త్రము విశదపఱచినది. కుంకుడుకాయ పైతొక్కలో సాపోనినులను పదార్థములు గలవు. వాని యణువునకు ఒక కొన నీటితో పొత్తు, మఱియొక కొన నూనెతో పొత్తు. కావున నూనెను చిన్న చిన్న బిందువులుగా చీల్చి నీటిలోనికి కొనిపోవును. సబ్బును ఈ పనినే చేయును గాని, సున్నపుపాలు గల కఠినజలమున నది సున్నముతో కలిసి కరఁగని మడ్డియగును. ఆ మడ్డి వెండ్రుకలకు పట్టి, కడిగిన తలయే మఱల జిడ్డుగా తోఁచును. కుంకుడు రసమున కీ దోషము లేదు. దక్కను పీఠభూమిలో చాల చోట్ల బావులనీరు కఠినజలమే. ఆ నీటిలో సబ్బుతో తలరుద్దుకొని 'ఎంత కడిగినను జిడ్డు పోలేదు' అనువారు సబ్బును గాని తలను గాని నిందింతురు; దోషము రెండింటి కలయికయందున్నది.

ఇఁక మా వర్ని ప్రాంతపు సంగతి. మంజీరానదిపై నిజాంసాగరము 1923లో నారంభింపఁబడి 1931లో ముగిసినది. కాలువనీరు పాఱిన పిమ్మట తీరాంధ్రమునుండి కృషీవలులు వచ్చి వర్ని, కోటగిరి, బోధను ప్రాంతములలో నివాసములేర్పఱచుకొనిరి. వారి పల్లెలు నేఁటికిని 'క్యాంపు' అను పేరుతో వ్యవహరింపఁబడుచున్నవి. 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపఁబడి, శక్కరునగరము వెలసినది. ఈ మార్పులు తలస్నానమునకు దూరమైనవిగా తోఁచును గాని కావు. తెలంగాణమున పూర్వము ఆముదపుఁ బంట విస్తారముగా నుండెడిది. ఆముదము తలకు రాయుట యిచటి పాతవాడుక. తీరమునుండి వచ్చినవారికి కొబ్బరినూనె యలవాటు. ఆముదము మిక్కిలి చిక్కనిది, కొబ్బరినూనె వేసవిలో నీరువలె పలుచనిది. పలుచని నూనెను తీయు కుంకుడురసము చిక్కని యాముదమునకు చాలదు; ముందు పిండిచేత రుద్ది, ఆ పిమ్మట నురుగుతో కడుగవలెను. ఉద్వర్తనమునకు పిమ్మట స్నానమను శాస్త్రక్రమమున కీ ప్రాంతమున నిట్టి ప్రత్యక్షప్రయోజనము గలదు.

చెఱకు నఱకువారికి ఆకుల నూగు, చెమట, తీపిరసము తలకు పట్టును. వారికి వారమునకొక తలంటు చాలునా? శుక్రవారము స్త్రీలకును శనివారము పురుషులకును అను వాడుక గృహస్థుల తీరికనుబట్టి యేర్పడినది. కూలివాని శ్రమనుబట్టి గాదు. నూనె గానుఁగవానియొద్ద కొనవలసినది. కుంకుడుకాయ పెరటిచెట్టు గలవానికి ఉచితము, లేనివానికి వెల. తలకు నూనె లేకుండుట పేదఱికమునకు గుఱుతుగా లోకమున పరిగణింపఁబడుట కిదియే హేతువు. ఆ కర్మాగారము 2015లో మూఁతపడినది. చెఱకు తగ్గి వరి పెరిగినది. మే మాసపు టెండ మాత్రము మాఱలేదు. నిజామాబాదున వేఁడిమి 45 డిగ్రీలను దాఁటు దినములు గలవు.

'షాంపూ' అను మాట చరిత్రయందును ఈ రెండు భాగముల విభజనము కానవచ్చును. ఒడలు పిసుకుట యను నర్థముగల హిందీధాతువునుండి 'చాంపో' అను విధిరూపమును ఆంగ్లేయులు గ్రహించిరి. పాట్నాలో జన్మించిన దీన్ మహమ్మదు ఇంగ్లండునందలి బ్రైటనులో 1814లో స్నానశాలను తెఱచి, 1822లో షాంపూ చికిత్సనుగూర్చి గ్రంథమును ప్రకటించినాఁడు. అచట నా మాటకు మర్దనమనియే యర్థము. పిదప పందొమ్మిదవ శతాబ్దిలోనే ఆంగ్లమున అది తలకడుగుటకు వాచకమైనది. 1980 తరువాత చిన్న పొట్లములలో నిండి పల్లెల యంగళ్లకు వచ్చినపుడు మనకు తెలిసినది ఈ రెండవ యర్థమే. అభ్యంగవాచకముగా వెడలిన శబ్దము క్షాళనవాచకమై తిరిగి వచ్చినది. నూనె సీసా యొకచోట, కడుగు పొట్లము వేఱొకచోట అమ్ముడువోవుచుండఁగా, రెండును ఒకే విధిలోని భాగములను జ్ఞానము నశించినది.

ఈ విచారము పాఠశాలాధ్యాపకులకు ప్రత్యేకముగా విన్నవింపఁదగినది. నూనె రాచి దువ్వుకొని రాని బాలికను మందలించుట చాల పాఠశాలలలో నలవాటు. తలచర్మమున స్వభావముగా నివసించు శిలీంధ్రమొకటి జిడ్డునే యాహారముగా పెరుఁగునని నేఁటి వైద్యులు కనుగొనియున్నారు. జిడ్డును చుండును గల తలకు నూనె చేర్చుట యా శిలీంధ్రమునకు తిండి పెట్టుటయే. వాగ్భటుని నిషేధమును ఈ వైద్యమును ఇచట నేకవాక్యతను పొందుచున్నవి. పొడితల గల బాలికకు నూనె మేలు. జిడ్డుతల గల బాలికకు వేసవిలో నూనె మాని, రెండు మూఁడు దినముల కొకసారి చల్లనినీటితోనో గోరువెచ్చని నీటితోనో తలకడుగుట మేలు. కుంకుడురసము కన్నులఁ బడిన మండును గాన తల వెనుకకు వంచి పోయవలెను. నూనె కొనలేని యింటి బిడ్డను మలినురాలని నిందించుట ఏ శాస్త్రమునకును సమ్మతము గాదు.

పాఠశాల యావరణమున నొక కుంకుడుచెట్టు నాటినచో, కొన్ని యేండ్లకు అది కాపునకు వచ్చి, కొనలేనివారికి క్షాళనద్రవ్యమునిచ్చును. విద్యార్థులకు అరిష్టశబ్దపు రెండర్థములను బోధించుటకును అది యుపయోగించును.