రొట్టెబూజుకు రోజు ఎంతసేపు?

1840లలో ప్యారిస్ సైనిక బట్టీల్లో రొట్టెలకు నారింజరంగు బూజు పట్టింది. ఎంత కడిగినా వదలని ఆ పీడే ఇప్పటి న్యూరోస్పోరా క్రాసా. తర్వాత అది ప్రయోగశాలకెక్కింది. దాని మీద చేసిన పనికే బీడిల్, టేటమ్ 1958లో నోబెల్ అందుకున్నారు.

మరుసటి ఏడాదే ప్రిన్స్‌టన్‌లో కాలిన్ పిటెండ్రి బృందం ఆ బూజులో జీవగడియారం ఉందని ప్రకటించింది. పొడవాటి గాజుగొట్టంలో ఆహారం పరిచి, ఒక కొసన బూజు నాటి చీకట్లో వదిలేస్తే, అది రెండో కొసకు పాకుతూ దాదాపు 22 గంటలకోసారి బీజాల పట్టీ వేస్తుంది. పాకే వేగం తెలుసు కాబట్టి, పట్టీల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిస్తే చాలు, దాని రోజు ఎంతో తెలుస్తుంది. ఇంత చవకైన పరికరం జీవశాస్త్రంలో అరుదు!

1973లో ఫెల్డ్‌మన్, హోయిల్ రోజు మారిపోయిన బూజులను పట్టుకున్నారు. ఒకదానికి రోజు 16 గంటలకే ముగిసేది. తర్వాత దొరికిన ఇంకోదానికి 29 గంటలు పట్టేది. తప్పంతా ‘ఫ్రీక్వెన్సీ’ అనే ఒకే జన్యువులో ఉంది. 1989లో జే డన్‌లాప్ ప్రయోగశాల దాన్ని విడదీసింది. ఆ జన్యువు నుంచి పుట్టే ఎఫ్ఆర్‌క్యూ ప్రొటీన్ పెరిగేకొద్దీ తన జన్యువునే అణచివేస్తుందని 1994లో తేలింది.

అయితే, ప్రొటీన్ తయారవడానికీ, తిరిగొచ్చి జన్యువును ఆపడానికీ 22 గంటలు అక్కర్లేదు. ఆ జాప్యం ఎవరి పని? 1997లో జవాబు కనబడసాగింది. పుట్టిన క్షణం నుంచీ ఎఫ్ఆర్‌క్యూ మీద ఫాస్ఫేట్లు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటాయి. వాటిని తగిలించే ఎంజైముల్లో కేసీన్ కైనేజ్-1 ఆ ప్రొటీన్‌ను అంటిపెట్టుకునే ఉంటుంది. తీసేసే ఎంజైములూ పక్కనే పనిచేస్తుంటాయి. ఫాస్ఫేట్లు చేరే చోట్లు 75కు పైనే ఉన్నాయని 2009లో లెక్క తేలింది. 513వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చేస్తే రోజు 30 గంటలు దాటింది.

ఫాస్ఫేట్లు బాగా పట్టిన ఎఫ్ఆర్‌క్యూను ఎఫ్‌డబ్ల్యూడీ-1 అనే ప్రొటీన్ గుర్తుపట్టి, ముక్కలయ్యే దారి పట్టిస్తుంది. కాబట్టి ప్రొటీన్ ఎంత త్వరగా చస్తే రోజు అంత చిన్నదనుకున్నారు. ఇంత నున్నగా కుదిరిన వివరణను అనుమానించడానికి ఎవరికి మనసొస్తుంది? ఎఫ్‌డబ్ల్యూడీ-1 తీసేసిన బూజు గొట్టంలో పట్టీలు వేయడం మానేసింది కూడా. గడియారం ఆగిందని అందరూ నమ్మారు.

2015లో చిలీ శాస్త్రవేత్త లూయీస్ లర్రోండో, డన్‌లాప్, జెన్నిఫర్ లోరోస్ బృందం పట్టీలను వదిలేసి, జన్యువు పనిచేసినప్పుడల్లా వెలిగే మిణుగురు ఎంజైముతో లోపలికి చూసింది. ముళ్లు విరిగాయి గానీ యంత్రం ఆగలేదు. ప్రొటీన్ నాశనం మందగించినా రోజు దాదాపు మారలేదు. ఫాస్ఫేట్ చోట్లు మారిస్తే మాత్రం మారింది. అంటే వేళ నిర్ణయించేది ప్రొటీన్ చావు కాదు, దాని పని తగ్గించే ఫాస్ఫేట్లే. ఈ దిద్దుబాటు మొదటి ఆవిష్కరణలన్నిటికన్నా విలువైనదని నాకనిపిస్తుంది.

మనుషుల గడియారంలో ఎఫ్ఆర్‌క్యూ లేదు. ఆ పని పీరియడ్ ప్రొటీన్లది, వాటికీ దీనికీ పోలికలు తక్కువ. వాటిమీద ఫాస్ఫేట్లు పెట్టేది మాత్రం అదే కేసీన్ కైనేజ్-1 కుటుంబం. సాయంత్రం ఏడున్నరకే నిద్ర ముంచుకొచ్చి, తెల్లవారుజామున నాలుగున్నరకల్లా మెలకువ వచ్చే ఒక అమెరికన్ కుటుంబాన్ని 2001లో పరీక్షించారు. వాళ్ల పీరియడ్-2లో ఫాస్ఫేట్ పట్టాల్సిన ఒక సెరీన్ లేదు.